ఇంటి వైద్యంలో కొలతలూ, హద్దులూ

శరీరమన్న తరువాత చిన్నచిన్న రుగ్మతలు తప్పవు. జలుబు, జ్వరం, నీళ్ల విరేచనాలు ఏ ఇంటికైనా ఏడాదికి ఒకటి రెండుసార్లు చుట్టపుచూపుగా వచ్చిపోతూనే ఉంటాయి. వీటిలో చాలావాటికి వైద్యం ఇంట్లోనే జరుగుతుంది. జరగడం మంచిది కూడా. ముఖ్యంగా మనవంటి సంస్థల్లో ఇంటి పెద్ద రాత్రి షిఫ్టులో ఉన్నవేళ పసిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటే, తొలి చికిత్స చేయవలసినది ఇంట్లో ఉన్న తల్లో, నాయనమ్మో తప్ప మరొకరు కారు. వారికి ముందుగా తెలియవలసినవి రెండే విషయాలు: ఏది ఎంత ఇవ్వాలి, ఎంతవరకు వేచి ఉండాలి.

మేము వైద్యులము కాము. మూడు దశాబ్దాలకు పైగా యంత్రాల నడుమ గడిపినవారము. అయితే కొలత తప్పితే మంచి పదార్థం కూడా చెడు చేస్తుందన్న సంగతి మా వృత్తి మాకు నేర్పింది. ఇంటి వైద్యానికి కూడా ఈ మాట వర్తిస్తుందనడానికి నీళ్ల విరేచనాలకు మించిన ఉదాహరణ లేదు.

1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధ సమయంలో లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాలుకు వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. నరాల ద్వారా ఎక్కించే సెలైన్ నిల్వలు నిండుకున్నాయి. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన పొడిని ప్యాకెట్లుగా కట్టించి, శుభ్రమైన నీటిలో కలిపి రోగులచేత తాగించారు. తాగించినవారిలో నర్సులకంటె రోగుల తల్లులు, బంధువులే ఎక్కువ. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతానికి లోపుగా దిగివచ్చాయి. ఆయన 2022లో కన్నుమూశారు; 2023లో దేశం మరణానంతరం పద్మవిభూషణ్‌తో గౌరవించింది. వైద్య పట్టాలేని చేతులు కూడా సరైన కొలతతో ప్రాణం నిలబెట్టగలవని లోకానికి చాటిన ఘట్టమిది.

ఇందులోని సూత్రం సులభమైనదే. విరేచనాల వేళ పేగు నీటిని సరిగా పీల్చుకోలేదు. కాని పేగు గోడలో ఒక ద్వారం అప్పుడు కూడా చెడకుండా ఉంటుంది. ఆ ద్వారం గుండా ఉప్పులోని సోడియం, గ్లూకోజు జంటగా మాత్రమే లోపలికి పోతాయి; వాటి వెంట నీరు పోతుంది. 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ఈ జంట ప్రయాణాన్ని వివరించారు. కావున వట్టి నీరు చాలదు, వట్టి పంచదార నీరూ చాలదు. పైగా పంచదార హెచ్చితే ద్రావణం చిక్కనై, ఒంట్లోని నీటినే పేగులోకి లాగుతుంది. తత్ఫలితంగా విరేచనాలు తగ్గకపోగా పెరుగుతాయి. ఉప్పు హెచ్చితే పసిపిల్లలకు మరింత ప్రమాదం.

అందుకే ఓ.ఆర్.ఎస్. పొడికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఖచ్చితమైన పాళ్లు నిర్ణయించింది. లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9, వెరసి 20.5 గ్రాములు. ప్యాకెట్‌పై లీటరు అని ఉంటే లీటరు నీటిలోనే, 200 మిల్లీలీటర్లు అని ఉంటే అంతే నీటిలో, మొత్తం పొడిని ఒకేసారి కలపాలి. కాచి చల్లార్చిన నీరు వాడాలి. కలిపిన తరువాత మరల కాచరాదు. 24 గంటలు దాటితే పారబోయాలి.

మా కాలనీలో ఒక సహోద్యోగి ఇంట ఏడాదిన్నర పసివాడికి విరేచనాలు పట్టుకున్నాయి. లీటరు ప్యాకెట్‌ను ఒక గ్లాసు నీటిలో కలిపి తాగించారు. మందు ఎంత చిక్కగా ఉంటే అంత బలమని వారి నమ్మకం. మరునాటికి బిడ్డ వడలిపోయాడు. డిస్పెన్సరీలో నర్సమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని నీళ్లలో కలిపారమ్మా?" అని. సకాలంలో ఆసుపత్రికి పంపడంతో బిడ్డ కోలుకున్నాడు. ఆ ఇంట ప్రేమకు కొదవ లేదు, మందుకూ కొదవ లేదు. లోపించినది నీటి కొలత ఒక్కటే.

ప్యాకెట్ దొరకని వేళ లీటరు నీటిలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలపవచ్చు. చెంచాను రాశిగా కాక, అంచుకు సమానంగా నింపాలి. రుచి చూస్తే కన్నీటికంటె ఉప్పగా ఉండరాదు. ఉప్పు వేసిన గంజి, పలుచని మజ్జిగ కూడా మేలు చేస్తాయి. విరేచనమైన ప్రతిసారీ రెండేళ్ల లోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకు పైబడినవారికి 100 నుంచి 200 మిల్లీలీటర్లు పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో నెమ్మదిగా మరల మొదలుపెట్టాలి. తల్లిపాలుగాని, మామూలు ఆహారంగాని మానిపించరాదు. డాక్టరు సలహాపై జింక్ మందు వాడితే వ్యాధి త్వరగా తగ్గుతుంది. విరేచనాలను బిగబట్టే మాత్రలు పిల్లలకు ఇవ్వరాదు.

అంగడిలో జాగ్రత్త అవసరం. ఓ.ఆర్.ఎస్. అన్న అక్షరాలు పెట్టుకుని, పంచదార పాలు పలు రెట్లు అధికంగా ఉన్న పండ్లరసాల డబ్బాలు మందుల షాపుల్లో ఏళ్ల తరబడి అమ్ముడుపోయాయి. హైదరాబాదుకు చెందిన శిశువైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై సంవత్సరాల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పానీయాల పేర్లలో ఆ అక్షరాలు వాడరాదని ఆదేశించింది. అయినను కొనేటప్పుడు పేరు చూసి ఊరుకోక, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదేనా అని చదివి తీసుకోవడం మన బాధ్యత.

జ్వరం విషయంలోను ఇదే జాగ్రత్త. పారాసిటమాల్ మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది, వయస్సును బట్టి కాదు. పైగా ఒకే మందు పలు గాఢతలలో దొరుకుతుంది. చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుండగా, సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు 125 గాని 250 గాని ఉంటాయి. సిరప్ కొలతలో చుక్కల మందు పోస్తే మోతాదు నాలుగు రెట్లయినా ఆశ్చర్యం లేదు. కావున సీసా మారినప్పుడల్లా అట్ట చదవాలి. సీసాతో వచ్చిన కొలమూతనే వాడాలి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు. డెంగీ అనుమానమున్నప్పుడు ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ పెద్దలు కూడా వాడరాదు.

జలుబు వైరస్ వలన వచ్చేది. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. గోరువెచ్చని పానీయాలు, విశ్రాంతి చాలు. ఏడాది దాటిన పిల్లలకు దగ్గు ఉపశమించడానికి చెంచాడు తేనె ఇవ్వవచ్చు. ఏడాది లోపువారికి తేనె ప్రమాదకరం. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వరాదని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ సూచించింది. మరుగుతున్న నీటి గిన్నె ముందు చిన్నపిల్లలను కూర్చోబెట్టి ఆవిరి పట్టించడం మానుకోవాలి. గిన్నె ఒలికితే జలుబు పోవడానికి బదులు ఒళ్లు కాలుతుంది.

ఇక హద్దుల మాట. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, కళ్లు గుంటలు పడినా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, పొట్టమీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకున్నా, విరేచనంలో రక్తం పడినా, వాంతులు ఆగకపోయినా ఇంటి వైద్యం అక్కడితో ముగిసినట్లే. తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి బయలుదేరాలి. దారిలో కూడా చెంచాతో ద్రావణం పడుతూనే ఉండాలి. మూడు నెలల లోపు శిశువుకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం కనిపించినా, ఎవరికైనా ఊపిరి ఆడక ఎగపోస్తున్నా, ఫిట్సు వచ్చినా వెంటనే వైద్యుని చూడాలి. విరేచనాలుగాని, జ్వరంగాని మూడు రోజుల్లో తగ్గకపోతే వైద్యసలహా తప్పనిసరి.

ప్రతి ఇంటా ఒక చిన్న డబ్బాలో నాలుగు ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు, డిజిటల్ థర్మామీటరు, పారాసిటమాల్, కొలమూత, లీటరు గుర్తున్న సీసా ఉంచుకోవాలని మా మనవి. డబ్బా మూత లోపల పిల్లల బరువు, డాక్టరు చెప్పిన మోతాదు, డిస్పెన్సరీ ఫోన్ నంబరు, 108 రాసి అతికించండి. బరువు మారినప్పుడు ఆ కాగితమూ మార్చండి. చదువు రాని పెద్దలు ఇంట ఉంటే, ఏ సీసాకు ఎన్ని నీళ్లో వారిచేత ఒకసారి కలిపించి చూడండి. మనం షిఫ్టులో ఉన్న రాత్రి ఆ డబ్బా తెరవవలసినవారు వారే.