ధర పెరిగితే... ఎవరు తగ్గుతారు?

కిలో టమాటా ఇరవై రూపాయలుంటే సంచి నింపుకుంటాం. అదే వంద దాటితే..? పావుకిలోతో సరిపెట్టి, మిగతా పులుపు భారం చింతపండు మీద వేసేస్తాం. ఉప్పు ప్యాకెట్ ధర రెట్టింపైనా కూరలో ఉప్పు మాత్రం తగ్గించం! ఎందుకిలా? ఈ తేడాకి అర్థశాస్త్రం పెట్టిన పేరే 'డిమాండ్ వ్యాకోచత్వం'. ఇంగ్లండుకు చెందిన ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లో రాసిన పుస్తకంతో ఈ ఆలోచన ప్రపంచమంతా పాకింది.

లెక్క చాలా సులువు. ధర పది శాతం పెరిగినప్పుడు కొనుగోళ్లు ఇరవై శాతం పడిపోతే ఆ సరుకుకు వ్యాకోచత్వం ఎక్కువ. రెండు శాతమే తగ్గితే తక్కువ. ప్రత్యామ్నాయం ఉందా, అది తప్పనిసరి సరుకా, జేబులో ఎంత భాగాన్ని అది మింగేస్తుంది... ఈ మూడే దాన్ని తేలుస్తాయి.

బస్సెక్కిన లెక్క

2023 డిసెంబరు 9న తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ ధర సున్నా అయింది. బస్సులు కిటకిటలాడాయి. అప్పటిదాకా వాయిదా వేసుకున్న పుట్టింటి ప్రయాణాలూ, గుడి మొక్కులూ ఒక్కసారిగా కదిలాయి. మరోపక్క గిరాకీ పోయిందంటూ ఆటోవాలాలు రోడ్డెక్కారు. ఒకదాని ధర తగ్గితే దానికి పోటీగా ఉన్నదాని గిరాకీ పడిపోతుందనడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏముంటుంది?

బొగ్గుకు బేరమేదీ?

ఇప్పుడు రామగుండం ఎన్టీపీసీ గొట్టాల వైపు చూడండి. 2,600 మెగావాట్ల పాత కేంద్రానికి సింగరేణి గనుల నుంచి ప్రత్యేక రైలుమార్గంలో బొగ్గు వస్తుంది. టన్ను ధర పెరిగిందని బాయిలర్ ఆపేస్తారా? కుదరదు. పెరిగిన ఖర్చు చివరికి కరెంటు ఛార్జీల్లో తేలుతుంది. మనం కూడా ఫ్యాను ఆపేసి కూర్చోం కదా!

అయితే ఇది ఈ రోజు మాట. కాలం గడిచేకొద్దీ ప్రత్యామ్నాయాలు పుడతాయి. అదే రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయరు నీళ్లమీద తేలే వంద మెగావాట్ల సౌరవిద్యుత్తు కేంద్రం 2022 జులైలో పూర్తిస్థాయిలో పనిచేయడం మొదలుపెట్టింది. నేడు కదలని గిరాకీ పదేళ్ల తర్వాత కదలొచ్చు. బొగ్గునే నమ్ముకున్న ఊళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన పాఠమిది.

ఒకే బజారు... రెండు జేబులు

గోదావరిఖనిలో దసరా ముందు దుకాణాలు కళకళలాడతాయి. ధరలు తగ్గడం వల్లేనా? కాదు, సింగరేణి లాభాల వాటా చేతికందడం వల్ల! 2024లో సంస్థ 33 శాతం లాభాల వాటా కింద రూ.796 కోట్లు ప్రకటించింది. సగటున ఒక్కో పర్మినెంటు కార్మికుడికి సుమారు రూ.1.90 లక్షలు. తొలిసారిగా కాంట్రాక్టు కార్మికులకూ ఇచ్చారు... తలా రూ.5,000. ధర మారకపోయినా ఆదాయం పెరిగితే గిరాకీ మొత్తంగా పైకి జరుగుతుంది. దీన్నీ ధర ప్రభావాన్నీ కలిపి చూడకూడదంటారు ఆర్థికవేత్తలు.

ఈ ఇద్దరు కార్మికులూ ఒకే బజారుకు వస్తారు. 2023 జులైలో తెలుగు రాష్ట్రాల్లో కిలో టమాటా వంద దాటినప్పుడు ఇద్దరికీ ధర ఒక్కటే. కానీ ఒకరు గొణుక్కుంటూ కొన్నారు, మరొకరు ముట్టుకోకుండా ముందుకు నడిచారు. సగటు లెక్కలో 'గిరాకీ కాస్త తగ్గింది' అని కనిపించేది ఇదే. ఆ 'కాస్త' ఎవరి కంచంలో తగ్గిందన్నది లెక్క చెప్పదు.

ఇదే సూత్రం రైతునూ వదల్లేదు. సరిగ్గా రెండు నెలలకే టమాటా ధర కుప్పకూలింది. చవకైంది కదా అని ఎవరూ పూటకు పది టమాటాలు తినరు! పంట ఎక్కువైతే ధర పడుతుంది, అమ్మకం అంతగా పెరగదు, చివరికి రైతు రాబడే తగ్గుతుంది.

అందుకే ఈసారి ఏ ధరైనా పెరిగిందని విన్నప్పుడు 'ఎంత పెరిగింది' అన్నదాంతో ఆగిపోవద్దు. 'దాని బదులు ఏముంది? ఎవరి జేబుకు?' అని కూడా అడగండి. అసలు భారం ఎవరిదో అక్కడే తెలుస్తుంది.