ఇండ్ల సగటు ధర: అది చెప్పునది, చెప్పనిది

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత మీరెల్లరు ఎరిగినదే. ఆ సామెత పుట్టిన రోజులలో ఇల్లు కట్టుటయే కష్టము. కట్టిన ఇంటిని అమ్ముటయను మాట సామాన్యముగ ఎవరి నోటను వచ్చెడిది కాదు. తాత కట్టిన ఇంటిలోనే మనుమడు పెరిగెడివాడు. ఇప్పుడట్లు కాదు. కొడుకు హైదరాబాదులోనో, కూతురు అమెరికాలోనో ఉండగా, ఊరిలోని ఇల్లు అమ్మి నగరములో మరియొకటి కొనుట అనేక కుటుంబములకు తప్పనిపని అయినది. కావున ఆ సామెతకు "ఇల్లు అమ్మి చూడు" అను మూడవ ముక్కను చేర్చవలసిన కాలము వచ్చినదని నాకు తోచుచున్నది.

ఇట్టి క్రయవిక్రయములు తలపెట్టువారు నేడు దేనిని చూచి ముందడుగు వేయుచున్నారు? పత్రికలలో తరచుగ కనబడు ఒక అంకెను చూచి. "ఈ ప్రాంతమున ఇండ్ల సగటు ధర నూటికి ఇంత పెరిగినది, ఆ ప్రాంతమున ఇంత తగ్గినది" అని అందు వ్రాయుదురు. ఆ అంకె ఎట్లు పుట్టునో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో ఈ ప్రసంగమున మనవి చేయదలచితిని. ఇది నేను పుస్తకములు చదివి మాత్రమే నేర్చుకొన్న విషయము కాదు. నా మాట వలన మా మేనమామగారికి కలిగిన నష్టము నాకు దీనిని నేర్పినది.

మామయ్యగారిది తెనాలి. ఊరి నడుమ ఆరు సెంట్ల స్థలములో పాత మిద్దె యిల్లు. దానిని అమ్మి, హైదరాబాదులోని కుమార్తెకు దగ్గరగ ఒక చిన్న ఫ్లాటు కొనవలెనని ఆయన సంకల్పము. తెలిసినవారొకరు వచ్చి 60 లక్షలకు అడిగిరి. సరిగా ఆ వారముననే, మా ప్రాంతమున ఇండ్ల సగటు ధర ఒక్క సంవత్సరములో నూటికి 20 వంతులు పెరిగినదని ఒక పత్రికలో వార్త వచ్చెను. నేను కళాశాలలో గణితము చెప్పినవాడను. అందుచే మామయ్య నాకు ఫోను చేసి, "ఏమంటావురా అబ్బాయీ?" అని అడిగిరి. "తొందరపడకండి మామయ్యా, 72 లక్షలకు తక్కువైతే ఇవ్వకండి" అని నేను ధీమాగ చెప్పితిని. 60 లక్షలకు నూటికి 20 వంతులు కలిపితిని, అంతకుమించి ఆలోచింపలేదు.

అడిగినవారు పోయి వేరొక ఇల్లు కొనుక్కొనిరి. రెండు సంవత్సరములు గడచినవి. 72 లక్షల మాట విని తిరిగి వచ్చినవారు లేరు. తుదకు ఆ యిల్లు 56 లక్షలకు పోయినది. ఈలోపల హైదరాబాదులో మామయ్య చూచుకొన్న ఫ్లాటు ధర వారికి అందరానంత దూరము పోయెను. ఆయన నన్ను నిష్ఠూరమాడలేదు. "అంకె అబద్ధమాడిందా, నువ్వు పొరబడ్డావా?" అని మాత్రము అడిగిరి. ఆనాడు నేను జవాబు చెప్పలేకపోతిని. నేడు మీ యెదుట చెప్పుచున్నాను.

మొదట గ్రహింపవలసినది ఇది. సగటు ధర ఊరిలోనున్న ఇండ్లన్నింటి ధర కాదు. ఆ యేడు అమ్ముడైన ఇండ్ల ధర మాత్రమే. ఏ యేటికా యేడు అమ్ముడగు ఇండ్లు వేరు. కావున ఏ ఇంటి ధరయు పెరుగకయే సగటు పెరుగవచ్చును. ఇది వింతగ తోచును గాని, చిన్న లెక్క వేసి చూడుడు. ఒక పట్టణములో రెండు పేటలు కలవనుకొందము. పాతపేటలో ఇల్లు 30 లక్షలు, క్రొత్తపేటలో ఫ్లాటు 70 లక్షలు. మొదటి యేడు నూరు అమ్మకములు జరిగినవి. అందు పాతపేటవి 60, క్రొత్తపేటవి 40. సగటు 46 లక్షలగును. మరుసటి యేడు రెండు పేటలలోను ధర తగ్గినది. పాతపేటలో 28 లక్షలు, క్రొత్తపేటలో 66 లక్షలు. కాని ఆ యేడు పాతపేటలో 20 ఇండ్లు మాత్రమే అమ్ముడుపోగా, క్రొత్తపేటలో 80 ఫ్లాట్లు అమ్ముడైనవి. సగటు కట్టి చూడుడు: 58 లక్షల 40 వేలు! ప్రతి యింటి ధరయు తగ్గినది; సగటు మాత్రము నూటికి 27 వంతులు పెరిగినది. లెక్కలో తప్పు లేదు. లెక్కకు వచ్చిన ఇండ్లు మారినవి.

మామయ్య విషయమున జరిగినదియు ఇదియే. ఆ వార్తను మరల వెదకి నెమ్మదిగ చదివితిని. అందు "మా ప్రాంతము" అనగా తెనాలి నడిబొడ్డు కాదు. పెద్ద పట్టణముల శివార్లలో క్రొత్తగ లేచిన ఫ్లాట్లు. ఆ అంకెకును ఆ పాత మిద్దెకును చుట్టరికము లేదు. లేని చుట్టరికమును కలిపినవాడను నేను.

రెండవది, ఒక్క పెద్ద అమ్మకము సగటును ఎంత దూరమైన ఈడ్చుకొనిపోగలదు. తొమ్మిది ఇండ్లు 40 లక్షల చొప్పున, ఒక్క భవనము 4 కోట్ల 40 లక్షలకు అమ్ముడైనచో సగటు 80 లక్షలగును. ఆ పదింటిలో 80 లక్షలకు అమ్ముడైన ఇల్లు ఒక్కటియు లేదు! అందుచే తెలిసినవారు సగటుతోబాటు మధ్యస్థ ధరను గూడ అడుగుదురు. ధరల నన్నింటిని చిన్నదానినుండి పెద్దదానివరకు వరుసగ పేర్చి, సరిగ నడుమనున్న దానిని తీసికొన్నచో అది మధ్యస్థము. పై లెక్కలో అది 40 లక్షలు.

ఈ సందర్భమున హైదరాబాదు ముచ్చట ఒకటి చెప్పవలెను. 2023 ఆగస్టులో నగరమునకు పడమటనున్న కోకాపేటలో ప్రభుత్వ స్థలములను వేలము వేసిరి. అందొక ఖండము ఎకరము 100 కోట్ల 75 లక్షల రూపాయలకు పోయెను. ఎకరమునకు 4,840 గజములు గనుక, గజము 2 లక్షల 8 వేల రూపాయలు పడినదన్నమాట. ఆ "నూరు కోట్ల ఎకరము" ఊరూర ప్రతిధ్వనించినది. కాని అదే వేలములో సగటున ఎకరమునకు పలికినది సుమారు 73 కోట్లు మాత్రమే. అదియైనను ఆకాశహర్మ్యములు లేపుటకు అనుమతిగల స్థలమునకు పెద్ద వ్యాపారులు పెట్టిన ధర. ఆ మాట విని ఎక్కడో ఉప్పలులోనో, ఎల్బీనగరులోనో నూరు గజముల స్థలముగలవాడు తన ధర పెంచినయెడల, మా మామయ్య పడిన పాటులే పడును. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు వెలసినది మొదలు ఉద్యోగములు పడమరకు సాగినవి. వాని వెంట ధరలును సాగినవి. ఒకే నగరమైనను పడమర ధర వేరు, తూర్పు ధర వేరు, పాతబస్తీ ధర వేరు. "హైదరాబాదు సగటు" అను దానిలో ఇవన్నియు కలిసి కరగిపోవును.

మూడవది, ఈ ధరలు ఎచ్చటనుండి వచ్చుచున్నవి? మన దేశమున ముఖ్యముగ రెండు వనరులు. మన రిజర్వు బ్యాంకు ప్రకటించు ఇండ్ల ధరల సూచిక రిజిస్ట్రేషను కచేరీల దస్తావేజులపై ఆధారపడును. నేషనల్ హౌసింగ్ బ్యాంకు 2007లో ఆరంభించిన రెసిడెక్స్ సూచిక, అప్పులిచ్చు సంస్థలు ఇండ్లకు కట్టిన విలువను గూడ తీసికొనును. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములు ఈ రెండవదానిలో చేరియున్నవి.

దస్తావేజులో వ్రాసిన ధరయు, చేతులు మారిన ధరయు ఎల్లప్పుడు ఒకటి కావని మీకు వేరుగ చెప్పనక్కరలేదు. స్టాంపు సుంకము తగ్గునని, ప్రభుత్వము నిర్ణయించిన కనీస విలువనే దస్తావేజులో వ్రాయించుట చిరకాలముగనున్న దురలవాటు. అందుచే ప్రభుత్వము ఆ విలువను పెంచినప్పుడెల్ల కాగితముపై సగటు పెరుగును; బజారులో ధర కదలనక్కరలేదు. తెలంగాణమున 2021 జూలైలో ఒకమారు, 2022 ఫిబ్రవరిలో మరియొకమారు ఈ విలువలను పెంచిరి. అట్టి సంవత్సరముల అంకెలను పోల్చునపుడు ఈ సంగతి మరువరాదు. మరియు క్రొత్త ఫ్లాటు విషయమున, కట్టడము మొదలైనపుడు కుదిరిన ధర రెండు మూడేండ్లకు రిజిస్ట్రేషనులో కనబడును. నేడు చదువు అంకెలో నిన్నటి బేరమును, మొన్నటి బేరమును కలిసియుండును.

ఈ చిక్కులు తీర్చుటకు ఇతర దేశములలో కొన్ని ఉపాయములు పన్నిరి. అమెరికాలో కేసు, షిల్లరు అను ఇరువురు ఆర్థికశాస్త్రజ్ఞులు ఒకే ఇల్లు రెండుమార్లు అమ్ముడైనపుడు ఆ రెండు ధరలను మాత్రమే పోల్చు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చిరి. ఇల్లు మారదు గనుక, మారినది ధరయేయని తేలును. బ్రిటనులో 2016 నుండి వాడుకలోనున్న సూచిక, ఇంటి రకమును, విస్తీర్ణమును, చోటును లెక్కలోనికి తీసికొని తేడాలను సరిచేయును. మన రిజర్వు బ్యాంకును ఇండ్లను తరగతులుగ విడదీసి, ఒక్కొక్క తరగతికి తగిన తూకమిచ్చి లెక్కకట్టును. కావున వట్టి సగటుకంటె ఇట్టి సూచిక మేలు. అయినను అది ఊరి సంగతి చెప్పునే గాని, మీ వీధి సంగతి చెప్పదు.

నాల్గవది, అన్నింటికంటె ముఖ్యమైనది. ధరతోబాటు అమ్మకముల సంఖ్యను అడుగవలెను. కూరగాయల ధర పడిపోయినచో వర్తకుడు పడిన ధరకే అమ్మును, నిలువయుంచిన పాడగును. ఇల్లుగలవాడట్లు చేయడు. "నా ధర వచ్చువరకు అమ్మను" అని తలుపు మూసికొనును. అందుచే గిరాకి తగ్గినపుడు మొదట తగ్గునది ధర కాదు, అమ్మకముల సంఖ్య. ధర చాలకాలము పెదవులమీద నిలిచియుండును.

దీనికి అమరావతియే సాక్షి. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట, విజయవాడ, గుంటూరుల నడుమ రాజధాని వచ్చుననగనే చుట్టుపట్ల భూముల ధరలు రెక్కలు కట్టుకొన్నవి. 29 గ్రామముల రైతులు భూసమీకరణమున తమ పొలములనిచ్చిరి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల యోచన వెలువడగనే కొనువారు వెనుకకు తగ్గిరి. స్థలములున్నవారిని అడిగిన పాత ధరయే చెప్పెడివారు; కాని ఆ ధరకు కొనువాడు లేడు. 2024లో ప్రభుత్వము మారి, అమరావతియే రాజధాని యనగనే మరల కదలిక వచ్చినది. ఈ పదేండ్లలో అచ్చటి మట్టి మారలేదు, కృష్ణానది మారలేదు. మారినది జనుల నమ్మకము. అమ్మకములు లేనిచోట చెప్పు ధర ధర కాదు, కోరిక మాత్రమే.

కావున శ్రోతలారా, సగటు ధర పెరిగినదను వార్త కనబడినపుడు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. ఏ యిండ్లు అమ్ముడైనవి? మధ్యస్థ ధర ఎంత? ఆ ధర దస్తావేజులోనిదా, బ్యాంకు కట్టినదా, అమ్మువాడు నోట చెప్పినదా? ఎన్ని అమ్మకములు జరిగినవి? వీనితోబాటు కొలతను గూడ విచారింపుడు. ఒకచోట గజము, ఒకచోట సెంటు, నెల్లూరు వైపున అంకణము. ఫ్లాటు చదరపుటడుగులలో గోడల నడుమ మనము నిజముగ వాడుకొను చోటెంత, మెట్లును వసారాలును కలిపి చెప్పినదెంత యని అడుగుడు. 2016 నాటి స్థిరాస్తి చట్టము కార్పెట్ విస్తీర్ణమునకు స్పష్టమైన నిర్వచనమిచ్చినది ఇందుకొరకే.

ఇవన్నియు అడిగిన పిమ్మట మీ వీధికి రండు. గత యేడాదిలో మీ యింటివంటి ఇండ్లు మూడు నాలుగు ఏ ధరకు పోయినవో, ఎన్నాళ్లకు పోయినవో కొన్నవారిని, అమ్మినవారిని కలిసి కనుగొనుడు. ఆ నాలుగు ఇండ్లు రాష్ట్రపు సగటుకంటె మీకు నమ్మదగిన చుట్టములు.

మామయ్య ప్రశ్నకు నా జవాబిది: అంకె అబద్ధమాడలేదు. అది వేరెవరి ఇంటిని గురించియో చెప్పిన నిజమును నేను మీ యింటికి తగిలించితిని. ఈ మాట నేను వారి యెదుట నిలిచి చెప్పగా ఆయన నవ్వి, "సరేలే, ఈసారి మీ యిల్లు అమ్మేటప్పుడు నన్ను అడుగు" అనిరి. తప్పక అడిగెదను.