నడిచి వచ్చాడు కాబట్టి నష్టం లేనట్టేనా?

మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో బీమా కంపెనీ లాయరు లేచి, తలకు దెబ్బ తగిలిన మనిషిని అడిగే ప్రశ్నలు తేలిగ్గానే ఉంటాయి. ‘కోర్టుకి ఎలా వచ్చారు?’ ‘బస్సులో.’ ‘మెట్లు ఎక్కే వచ్చారా?’ ‘ఆ.’ ‘అన్నం మీ చేత్తో మీరే తింటున్నారు కదా?’ ‘తింటున్నానండీ.’ అంతటితో లాయరు కూర్చుంటాడు. ఆ మూడు జవాబులూ టైపై రికార్డుకెక్కుతాయి. అదే మనిషి బస్సులో టికెట్ డబ్బులు రెండోసారి ఇవ్వబోయాడనీ, దిగాల్సిన స్టాపు భార్య చెబితే తప్ప తెలియలేదనీ, రాత్రి కూర చల్లారిందని కంచం విసిరికొట్టాడనీ రికార్డులో ఎక్కడా ఉండదు. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

కాలు విరిగితే ఎక్స్‌రే సాక్ష్యం చెబుతుంది. వేలు తెగితే జడ్జిగారికి కళ్లారా కనబడుతుంది. తల దెబ్బకి ఆ వెసులుబాటు లేదు. కుట్లు మాని జుట్టు పెరిగాక తేడా తెలిసేది ఇంట్లోవాళ్లకే. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది, గాయపడినవారు 4,43,366 మంది. ఆ గాయపడినవారిలో తలకు తగిలినవాళ్ల కుటుంబాల గురించే ఈ కథనం. పరిహారం దగ్గర వీళ్లు దెబ్బతింటున్నది చట్టం లేక కాదు. చట్టంలో వీళ్లకి చోటుంది. దాన్ని నిలబెట్టే రుజువు చేతిలో ఉండటం లేదు.

స్కానింగ్ చెప్పనిది

క్యాజువాలిటీలో తల దెబ్బ కేసు రాగానే డాక్టర్లు గ్లాస్గో కోమా స్కేలు చూస్తారు. కళ్లు తెరవడం, మాట్లాడటం, కాళ్లూచేతులూ కదపడం, ఈ మూడింటికీ వేసిన మార్కులు కలిపితే 3 నుంచి 15 దాకా వస్తాయి. 8 లేదా అంతకన్నా తక్కువైతే గాయం తీవ్రమైనదని అర్థం. డిశ్చార్జి నాటికి 15కి 15 రావచ్చు. సమ్మరీలో ‘కాన్షస్, కోహెరెంట్’ అని రాసి పంపుతారు. మనిషి మెలకువగా ఉన్నాడు, పొంతనగా మాట్లాడుతున్నాడు అన్నంతవరకే ఆ మాట. మళ్లీ పని చేసుకుని బతకగలడని కాదు. అయినా ట్రిబ్యునల్‌లో బీమా కంపెనీ ఎత్తి చూపించేది ఆ ఒక్క వాక్యాన్నే.

సీటీ స్కాన్‌లో రక్తం గడ్డ లేకపోయినా, కుదుపుకి మెదడు లోపలి తంతులు సాగి తెగి ఉండవచ్చు. నుదుటి వెనక భాగం దెబ్బతింటే కోపం, తొందరపాటు, బద్ధకం, మాట జారడం మొదలవుతాయి. కొందరికి వాసన తెలియకుండా పోతుంది. వంట చేసే మనిషికి గ్యాస్ లీకైనా తెలియకపోవడం అంటే ఏమిటో ఆలోచించండి. వీటిని కొలిచే పరీక్ష ఉంది. క్లినికల్ సైకాలజిస్టు కూర్చోబెట్టి జ్ఞాపకం, ఏకాగ్రత, లెక్క, పనిని వరసలో పెట్టుకునే శక్తి పరీక్షిస్తారు. బెంగళూరు నిమ్‌హాన్స్ ఇందుకోసం తనదైన పరీక్షల సంపుటే తయారుచేసింది. న్యూరోసర్జన్ పని ప్రాణం నిలబెట్టడంతో ముగుస్తుంది కనుక ఈ పరీక్ష గురించి ఇంటివాళ్లే అడగాలి. నా దృష్టిలో పరిహారం కేసులో దీనంత విలువైన కాగితం ఇంకోటి లేదు.

శాతం ఒక్కటే, నష్టం వేరు

2010 అక్టోబరులో జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ రాసిన సుప్రీంకోర్టు తీర్పు ఈ విషయంలో పునాదిరాయి. శరీరానికి ఎంత శాతం వైకల్యం వచ్చిందన్నది కాదు, దానివల్ల సంపాదన ఎంత పోయిందన్నది తేల్చమని ట్రిబ్యునళ్లకి చెప్పింది. ఎడమ చేయి పోతే డ్రైవరుకీ వడ్రంగికీ బతుకుతెరువే పోతుంది, గుమాస్తాకి అంత పోదు. తల దెబ్బకి ఇదే లెక్క ఇంకా గట్టిగా వర్తిస్తుంది.

నెలకు 18,000 సంపాదించే 32 ఏళ్ల టైల్స్ మేస్త్రినే తీసుకుందాం. కొలత తీసుకుని, టైలు కోసేలోపు ఆ కొలత మరిచిపోతున్నాడు. 2017లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన ప్రకారం సొంత పని చేసుకునే 40 ఏళ్ల లోపువారికి భవిష్యత్తులో పెరగబోయే ఆదాయం కింద 40 శాతం కలపాలి. గాయపడి బతికినవారికీ ఇది ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అలా 25,200 అవుతుంది. ఏడాదికి 3,02,400. వయసును బట్టి ఏడాది ఆదాయాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే గుణకం ఈయన వయసుకి 16. మొత్తం 48,38,400. వైకల్య సర్టిఫికెట్‌లో 30 శాతం అని ఉండి, దాన్నే పట్టుకుంటే చేతికొచ్చేది 14,51,520. ఇక ఆ పని చేయలేడని, చేయగలిగిన వేరే పనీ లేదని రుజువైతే మొత్తం సొమ్మూ ఇవ్వాలి. ఈ తేడా 33 లక్షల పైమాటే. వైద్య ఖర్చులు, బాధ, పోగొట్టుకున్న సుఖాలు, రేపటి చికిత్స వీటికి అదనం.

హర్యానాలో 2007లో తల్లిదండ్రులతో ట్రాక్టరు మీద వెళుతున్న 12 ఏళ్ల పాపను లారీ ఢీకొట్టింది. తలకు తగిలిన దెబ్బతో ఆమె తెలివి తొమ్మిది నెలల బిడ్డ స్థాయికి పడిపోయింది. ట్రిబ్యునల్ 11 లక్షల చిల్లర ఇచ్చింది, హైకోర్టు దాన్ని 25.78 లక్షలు చేసింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 62.27 లక్షలు ఇమ్మంది. ఏడాదికి 15,000 ఆదాయం అనే లెక్కను తోసేసి, నైపుణ్యం ఉన్న కార్మికుడి కనీస వేతనాన్ని ఆ పాపకు లెక్కగట్టింది. చూసుకునేందుకు ఇద్దరు మనుషులు కావాలని, ఇద్దరికీ కలిపి నెలకు 10,000 లెక్కన 18 గుణకంతో ఆ ఒక్క పద్దు కిందే 21.6 లక్షలు ఇచ్చింది. మన ఇళ్లలో ఆ సేవ తల్లో భార్యో చేస్తారు కనుక క్లెయిమ్‌లో అడగడమే మానేస్తున్నారు. అడగాలి. ఒక తల్లి కూలి మానుకుని రాత్రింబగళ్లు బిడ్డను కనిపెట్టుకుని ఉంటే అది ఖర్చు కాక ఏమిటి? దెబ్బ తగిలింది గృహిణికైతే ‘ఆదాయం లేదు’ అని రాసి ఊరుకోవద్దు. ఇంటి చాకిరీకి విలువ కట్టాల్సిందేనని 2021 జనవరిలో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పులో వివరంగా చెప్పారు.

రుజువు ఇంట్లోనే ఉంది

డిశ్చార్జి సమ్మరీతో సరిపెట్టుకోకుండా మొత్తం కేస్ షీటు నకలు తీసుకోండి. మొదటి రోజు కోమా స్కేలు అందులోనే ఉంటుంది. వైకల్య శాతం తేల్చే సదరం సర్టిఫికెట్ పింఛనుకి పనికొస్తుంది గానీ, ట్రిబ్యునల్‌లో డాక్టరు స్వయంగా సాక్ష్యం చెప్పడమే నిలబడుతుంది. ఒక నోటుబుక్కు పెట్టి, తేదీ వేసి, ఏ రోజు ఏం మరిచాడో, ఎవరి మీద చెయ్యి చేసుకున్నాడో రాసుకోండి. పాత మేస్త్రి, ఎదురింటి ఆవిడ, పిల్లల టీచరు, ప్రమాదానికి ముందూ తర్వాతా ఆ మనిషిని ఎరిగిన ఎవరైనా సాక్షులే. తన కేసు తాను నడుపుకోలేని స్థితిలో ఉంటే, ఇంటివాళ్లలో ఒకరు ఆయన తరఫున పిటిషన్ వేయవచ్చు.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో క్లెయిమ్ వేయాలి. తల దెబ్బ కుటుంబాలకి ఈ గడువు అన్యాయమని నేననుకుంటాను. ఆరో నెలకి మనిషి ఏ మేరకు కోలుకుంటాడో డాక్టర్లకే తెలియదు. అయినా పిటిషన్ ముందు వేసేయండి, సర్టిఫికెట్లు తర్వాత పెట్టవచ్చు. ప్రమాదం వేరే రాష్ట్రంలో జరిగినా మీరు ఉంటున్న చోటే వేసుకోవచ్చు. బెంగళూరుకో చెన్నైకో పనికెళ్లి దెబ్బతిని ఇంటికి చేరినవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

త్వరగా తేల్చేసుకోమని తొందరపెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. తప్పెవరిదని చూడకుండా తీవ్ర గాయానికి 2.5 లక్షలు ఇచ్చే సెక్షన్ 164 ఉంది. ఆ డబ్బు ఒప్పుకుని తీసుకుంటే ట్రిబ్యునల్‌లో వేసిన క్లెయిమ్ రద్దయిపోతుంది. లోక్ అదాలత్‌లో రాజీ పడితే దాని మీద అప్పీలు లేదు. చిన్న గాయానికి ఇవి మంచి దారులే. మెదడు దెబ్బకి మాత్రం పరీక్షలు పూర్తయ్యేదాకా సంతకం పెట్టకూడదు. వచ్చినదాంట్లో ఇంత వాటా అని ఆసుపత్రి వరండాలో బేరం పెట్టే ఏజెంట్లను నమ్మకండి. పరిహారంలో వాటా మాట్లాడుకోవడం లాయర్లకే బార్ కౌన్సిల్ నిబంధనలు నిషేధించాయి.

మహిళలకీ, పిల్లలకీ, ఎస్సీ, ఎస్టీలకీ, వైకల్యం ఉన్నవారికీ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరుని ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారంలోనే చేయండి.