వీడ్కోలుతో తీరని బాధ్యత

లింగాల: విద్యాసంవత్సరం చివరి దశకు చేరగానే గ్రామాల్లోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో వీడ్కోలు సభల సందడి మొదలవుతుంది. పదో తరగతి విద్యార్థులకు తొమ్మిదో తరగతివారు వీడ్కోలు పలకడం, ఉపాధ్యాయులను శాలువాలతో సత్కరించడం, పాఠశాలకు గడియారమో, ఫ్యానో జ్ఞాపికగా అందజేయడం ఆనవాయితీ. చదువు చెప్పినవారికి కృతజ్ఞత తెలపడమే ఈ సభల ఉద్దేశం. అయితే ఆ కృతజ్ఞత ఎవరెవరికి చెందాలి, సభ ముగిశాక పిల్లల చదువు ఏమవుతుంది అన్న రెండు అంశాలూ తరచూ మరుగున పడుతున్నాయి. లింగాల వంటి వ్యవసాయ మండలంలో రెండోది మరీ కీలకం.

పరీక్షలకు ముందే సభలు

రాష్ట్రంలో పాఠశాలలకు సాధారణంగా ఏప్రిల్ 23 చివరి పనిదినం. వేసవి సెలవుల అనంతరం జూన్ 12న తిరిగి తెరుచుకుంటాయి. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు మార్చిలో ఉండటంతో వీడ్కోలు సభలు అంతకుముందే పూర్తవుతాయి. 2025లో ఈ పరీక్షలు మార్చి 17న ప్రారంభమయ్యాయి. ఫలితాలు ఏప్రిల్ 23న, అంటే బడికి చివరి రోజునే వెలువడ్డాయి. మరునాటి నుంచి బడికి తాళం పడటంతో, ఫలితం చూసుకున్న విద్యార్థికి సలహా చెప్పేవారు దగ్గర లేని పరిస్థితి ఏర్పడుతుంది.

వేదిక ఎక్కనివారు

బడి నడవడంలో ఉపాధ్యాయులతో పాటు మరెందరిదో శ్రమ ఉంది. 2003 జనవరిలో ప్రాథమిక పాఠశాలల్లో మొదలైన మధ్యాహ్న భోజనం 2008లో ఉన్నత పాఠశాలలకూ విస్తరించింది. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన కోనసీమ అన్నపూర్ణ డొక్కా సీతమ్మ పేరును 2024లో ఈ పథకానికి పెట్టారు. పొద్దున్నే పొలం పనులకు వెళ్లే కూలీల ఇళ్లలో పిల్లలకు ఈ భోజనమే పెద్ద ఆసరా. దీన్ని వండేది గ్రామంలోని మహిళలే. కేంద్ర నిబంధనల ప్రకారం 25 మంది వరకు పిల్లలుంటే ఒకరు, వంద మంది వరకు ఇద్దరు, ఆపై ప్రతి వందకు ఒకరు చొప్పున వంటవారు ఉండాలి. వీరికి గౌరవ వేతనం ఏడాదికి పది నెలలకే. పిల్లలకు సెలవులు ఆటవిడుపైతే, వంట చేసే తల్లులకు రాబడి లేని రోజులు. మరుగుదొడ్లు శుభ్రం చేసే ఆయాలు, తరగతి గదుల తాళాలు తీసే సిబ్బంది సేవ కూడా ఇటువంటిదే. సభలో వీరిని వేదికపైకి పిలిచి గౌరవించడానికి ఖర్చేమీ ఉండదు. పిల్లలకు మాత్రం అది పాఠ్యపుస్తకంలో దొరకని పాఠం.

కమిటీ పాత్ర

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. బడి పనితీరును పర్యవేక్షించడం, అభివృద్ధి ప్రణాళిక రూపొందించడం ఈ కమిటీ బాధ్యతలు. ఏడాది చివర కమిటీ కూర్చుని ఏ పనులు జరిగాయి, ఏవి మిగిలాయి, ఏ పిల్లలు తరచూ బడి మానారు అని చర్చిస్తే కృతజ్ఞతకు అర్థం ఏర్పడుతుంది. సత్కారాలతోనే సరిపెడితే లోపాలు వచ్చే ఏడాదికీ అలాగే మిగులుతాయి.

అసలు గండం పది తర్వాతే

ఉచిత నిర్బంధ విద్య 6 నుంచి 14 ఏళ్ల వారికే హక్కు. పదో తరగతి పూర్తిచేసిన విద్యార్థి అప్పటికే ఆ వయసు దాటి ఉంటాడు. కళాశాలలో చేరకపోయినా అడిగే చట్టం లేదు. చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరున్న పార్నపల్లె ఈ మండలంలోనిదే. అరటి, చీనీ తోటలున్న ఈ ప్రాంతంలో పనికి చేతులు ఎప్పుడూ అవసరమే. సెలవుల్లో తోట పనికి వెళ్లిన అబ్బాయి జూన్‌లో కళాశాల ముఖం చూడకపోతే చదువు అక్కడితో ఆగినట్లే. అమ్మాయిల విషయంలో పెళ్లి మాటలు వినిపించే వయసూ ఇదే. 18 ఏళ్లు నిండకుండా ఆడపిల్లకు పెళ్లి చేయడం 2006 నాటి చట్టం ప్రకారం నేరం. అటువంటి ప్రయత్నం జరిగితే 1098 నంబరుకు సమాచారం ఇవ్వవచ్చు.

దారులు లేకపోలేదు

సబ్జెక్టు తప్పినవారికి అదే వేసవిలో సప్లిమెంటరీ పరీక్షలు ఉంటాయి. 2025లో ఇవి మే 19న మొదలయ్యాయి. ఉత్తీర్ణులైతే ఏడాది వృథా కాదు. మంచి మార్కులు వచ్చినవారికి వేంపల్లె మండలం ఇడుపులపాయలో 2008లో ఏర్పాటైన ట్రిపుల్ ఐటీ జిల్లాలోనే ఉంది. పదో తరగతి మార్కుల ఆధారంగానే అక్కడ ప్రవేశాలు. ప్రభుత్వ బడుల్లో చదివినవారికి అదనపు వెయిటేజీ కూడా ఉంది. పాలిటెక్నిక్‌కు పాలిసెట్ రాయాలి. ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లోనూ 2025 జనవరి 4 నుంచి మధ్యాహ్న భోజనం మొదలైంది. 2025 జూన్‌లో అమలైన తల్లికి వందనం ఇంటర్ విద్యార్థులకూ వర్తించింది. 2025 ఆగస్టు 15న ప్రారంభమైన స్త్రీ శక్తి పథకంతో పల్లెవెలుగు బస్సుల్లో అమ్మాయిలకు ఛార్జీ భారం తప్పింది. పులివెందులకు వెళ్లి చదువుకోవాలనుకునే బాలికలకు ఇది ఊరట.

ఈ సమాచారాన్ని వీడ్కోలు సభలోనే తల్లిదండ్రుల సమక్షంలో వివరించడం మేలు. హాల్‌టికెట్లు ఇచ్చేటప్పుడే ప్రతి విద్యార్థి ఇంటి ఫోన్ నంబరు రాసుకోవాలి. ఫలితాలు వచ్చాక ఒకసారి, జూన్‌లో బడి తెరిచాక మరోసారి మాట్లాడాలి. టీసీ తీసుకోవడానికి ఎవరు రాలేదో చూస్తే చదువు ఆగినవారెవరో కొంతవరకు తెలిసిపోతుంది. అటువంటి ఇంటికి ఉపాధ్యాయుడు, కమిటీ సభ్యులు కలిసి వెళ్తే ఫలితం ఉంటుంది. మెడలో వేసిన శాలువా కంటే, తన వద్ద చదివిన పిల్లలంతా పై తరగతుల్లో చేరారన్న కబురే గురువుకు దక్కే నిజమైన సత్కారం.