తొట్లకొండ కింద రాతి తోరణం.. ఒకనాటి సముద్రానికి ఆనవాలు

భీమునిపట్నం: విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్లే సముద్రపు రోడ్డులో, తొట్లకొండ దిగువన మంగమారిపేట అనే మత్స్యకార గ్రామం ఉంది. ఆ ఊరి ఒడ్డున రాతి నడుమ ఖాళీ పడి, తలుపులు లేని గుమ్మంలా ఒక సహజ తోరణం నిలిచి ఉంది. సెలవు రోజుల్లో జనం వచ్చి దాని కింద నిలబడి ఫొటోలు తీయించుకుంటారు. సముద్రం ఒకప్పుడు ఎంత ఎత్తున ఉండేదో చెప్పే సాక్షుల్లో ఇదొకటని వారిలో ఎక్కువ మందికి తెలియదు.

అల కొండను పాదం నుంచి తల దాకా ఒకే తీరున కొట్టదు. పోటు నీరు చేరే మేరలోనే దాని బలమంతా చూపుతుంది. అలతో పాటు లేచిన ఇసుక, గులకరాళ్లు రాతిని ఆకురాయిలా అరగదీస్తాయి. ఏళ్ల తరబడి అలా అరిగిన చోట గూడు పడుతుంది. గూడు లోతైతే గుహ అవుతుంది. సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన రాతికి రెండు పక్కలా పడిన గుహలు కలిసిపోతే తోరణం. తోరణం పైకప్పు కూలిపోతే ఒంటి స్తంభం మిగులుతుంది. కింద గూడు పడ్డ కొద్దీ పైరాయి విరిగి పడుతుంది, కొండ వెనక్కి జరుగుతుంది. దాని పాదం దగ్గర ఇంటి ముందు అరుగులా చదునైన రాతి నేల మిగిలిపోతుంది.

విశాఖ తీరంలో పెద్ద పోటుకూ పాటుకూ నడుమ తేడా సుమారు ఒకటిన్నర మీటరు మాత్రమే. కాబట్టి అలలు రాతిని కోసే పట్టీ సన్నగానే ఉంటుంది. అలాంటి గూడు గాని, అరుగు గాని నేటి పోటుకు అందనంత ఎత్తున కనిపిస్తే ఒకప్పుడు నీరు అక్కడ నిలిచి ఉండాలి, లేదా నేలే పైకి లేచి ఉండాలి. ఏది నిజమో తేల్చడానికి ఒక్క రాయి చాలదు. తీరం పొడవునా చాలాచోట్ల అదే ఎత్తున గుర్తులు ఉన్నాయా అని చూస్తారు. రాతికి అంటుకుపోయిన ఆల్చిప్పలు దొరికితే వాటి వయసు కడతారు. ఊళ్లో చెరువు గట్టు మీద పాత నీటి చారను చూసి ఏ ఏడు ఎంత నిండిందో పెద్దలు చెప్పినట్టే ఇదీను.

ఇక్కడే కొందరు పొరబడుతుంటారు. ఈ తీరపు కొండల్లో ఎక్కువగా ఉండే ఖొండలైట్ రాయి సుమారు వంద కోట్ల ఏళ్ల నాటిది. కాని రాయి వయసు వేరు, అందులో పడిన గుమ్మం వయసు వేరు. గుమ్మం దానికంటే ఎంతో చిన్నది. అలాగే తోరణమల్లా సముద్రం పనీ కాదు. తిరుమల కొండ మీది శిలాతోరణానికి ఆ ఆకారం ఇచ్చింది ఎండా, వానా, గాలీ.

సుమారు 20,000 ఏళ్ల కిందట భూమ్మీద నీటిలో కొంత భాగం ధ్రువాల వైపు మంచుగా పేరుకుపోయింది. సముద్రం నేటికంటే దాదాపు 120 మీటర్లు దిగిపోయింది. బౌద్ధారామం ఉన్న తొట్లకొండ ఎత్తు 128 మీటర్లు. ఆ కొండ నేడు నీటికి ఎంత ఎత్తున ఉందో, నాటి నీరు ఇంచుమించు అంత కిందకు పోయిందన్నమాట. ఈనాడు మర పడవలు తిరిగే చోట నాడు ఆరిన నేల. అలా బయటపడిన ఇసుకను గాలి మోసుకొచ్చి పోయగా, దానికి ఇనుప తుప్పు రంగు పట్టి భీమిలి ఎర్రమట్టి దిబ్బలు ఏర్పడ్డాయని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. అంతకు చాలా ముందు, సుమారు 1,25,000 ఏళ్ల కిందట, సముద్రం నేటికంటే ఆరు నుంచి తొమ్మిది మీటర్లు ఎత్తున ఉండేది.

ఇదంతా పాత కథే అయినా పేటల్లో ఉండేవారికి పట్టని సంగతి కాదు. విశాఖ ఓడరేవులో సముద్ర మట్టం కొలిచిన లెక్కలు 1937 నుంచే ఉన్నాయి. దానికి ముందటి లెక్క రాళ్లు, దిబ్బలే చెప్పాలి. ఉపగ్రహాలు కొలవడం మొదలైన 1993 నుంచి ప్రపంచ సముద్ర మట్టం సుమారు పది సెంటీమీటర్లు పెరిగింది. ఇక ముందు ఎంత పెరగవచ్చో అంచనా కట్టడానికి శాస్త్రజ్ఞులు ఇలాంటి పాత గుర్తులనే ఆధారం చేసుకుంటున్నారు. ఒడ్డున పడవ నిలిపి, ఆ పక్కనే ఇల్లు కట్టుకున్న మనిషికి అంతకంటే అవసరమైన లెక్క మరొకటి ఉండదు.

ఎర్రమట్టి దిబ్బల పేరు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కింది. ఒడ్డు రాళ్లకు మాత్రం అంత పేరు లేదు. వాటిపై పేర్లు చెక్కడం, తోరణం మీదికెక్కి గంతులు వేయడం, రాతికి అంటిన చిప్పలు పెకలించడం సరదాగా సాగేవే. చిప్ప ఊడిపోతే ఆ ఎత్తుకు వయసు చెప్పే ఆధారం కూడా దానితోనే పోతుంది.

చూడదలచినవారు పౌర్ణమికో, అమావాస్యకో దగ్గర రోజుల్లో పాటు వేళకు వెళ్లడం మంచిది. ఆ రోజుల్లో నీరు బాగా లాగుతుంది కనుక రాళ్ల పాదాలు చాలా మేర బయటపడతాయి. ఏ గంటకు పాటు పడుతుందో పేటలో ఎవరిని అడిగినా చెబుతారు. రాళ్ల మీద నాచు జారుతుంది. పోటు తిరగకముందే ఒడ్డుకు రావాలి.