వాడుకోని లీవు విలువెంత? దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఒక లెక్క

నెలకు 15,600 రూపాయల జీతం. ఒకే షోరూంలో ఐదేళ్ల ఉద్యోగం. ఒక్క ఈఎల్ కూడా వాడుకోలేదు, ఖాతాలో 60 రోజులు పోగయ్యాయి. ఉద్యోగం మానేసిన రోజున ఆ లీవుకు ఎంత రావాలి? ఒక లెక్కలో 15,600 రూపాయలు. ఇంకో లెక్కలో 31,200. మరో లెక్కలో 36,000. కొందరికి ఒక్క రూపాయి కూడా రాదు. మనిషి, షాపు, పని అన్నీ అవే అయినా ఇంత తేడా రావడానికి కారణాలు రెండు: రోజు కూలిని దేనిమీద కట్టారు, లీవు అడిగినట్టు చేతిలో రుజువు ఉందా.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దగ్గర మొదలుపెట్టి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ చౌరస్తా దాకా నడిస్తే దారి పొడవునా బట్టల షోరూంలు, బంగారం దుకాణాలు, మొబైల్ షాపులు, హోటళ్లు, కోచింగ్ సెంటర్లే. ఈ వ్యాపారాలకు శ్రావణం, దసరా, దీపావళి, సంక్రాంతి, అక్షయ తృతీయ సీజన్లు. కౌంటర్ల వెనక నిలబడేవాళ్లలో నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి వచ్చినవారు చాలామంది. వాళ్లు ఊరికి పోవాలనుకునేదీ ఆ పండగలకే. అందుకే ఎల్బీనగర్‌లో విజయవాడ వైపు బస్సులు కిక్కిరిసే వారంలోనే షాపుల్లో ‘ఈ వారం లీవులు బంద్’ అన్న మాట వినిపిస్తుంది.

షాపుల చట్టం: 15, 12, 12

తెలంగాణలో దుకాణాలు, హోటళ్లు, ఆఫీసులకు వర్తించేది 1988 నాటి షాపులు, సంస్థల చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన ఈ చట్టాన్నే తెలంగాణ కొనసాగించింది. అంతకుముందు 1966 చట్టం ఉండేది. హైదరాబాద్ రాష్ట్రానికి 1951లోనే సొంత షాపుల చట్టం ఉంది. అంటే జీతంతో కూడిన సెలవు ఈ ఊరికి కొత్త సంగతి కాదు.

ఈ చట్టంలో లీవుల సంగతి 30వ సెక్షన్‌లో ఉంది. దాని ప్రకారం:

- 12 నెలల్లో కనీసం 240 రోజులు పనిచేసినవారికి తర్వాతి 12 నెలల్లో జీతంతో 15 రోజుల సెలవు. వాడుక మాటలో ఈఎల్.
- జబ్బు చేసినా, ప్రమాదం జరిగినా ఏటా 12 రోజుల దాకా సెలవు.
- సహేతుకమైన కారణం ఉంటే ఏటా 12 రోజుల దాకా క్యాజువల్ లీవు.

మొత్తం 39 రోజులు. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 లాంటి సెలవు దినాలు ఇందులో కలవవు, అవి వేరు. 240 అనగానే పెద్ద సంఖ్యలా కనిపిస్తుంది గానీ, ఏడాదికి 52 వారాంతపు సెలవులు తీసేసినా 313 రోజులు మిగులుతాయి. అందులో 73 రోజులు రాలేకపోయినా 15 రోజుల హక్కు పోదు.

మూడు రకాల లీవుల్లో తర్వాతి ఏడాదికి పోగయ్యేది మొదటిదొక్కటే. జబ్బు సెలవునూ క్యాజువల్ లీవునూ ఆ ఏడాది వాడుకోకపోతే చట్టం వాటిని ముందుకు మోయదు. ఈఎల్‌ను మాత్రం 60 రోజుల దాకా దాచుకోవచ్చు. ఏడాదికి 15 చొప్పున నాలుగు విడతల్లో ఆ గిన్నె నిండుతుంది. ఆ పైన వచ్చే 15 రోజులు చేర్చుకోవడానికి చోటుండదు. రోజుకు 600 రూపాయల లెక్కన ఏడాదికి 9,000 రూపాయలు చడీచప్పుడు లేకుండా పోతాయి. ‘లీవులు అలాగే ఉన్నాయిలే’ అని నిశ్చింతగా ఉండేవాళ్లు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే.

రోజు కూలి: 260, 520, 600

మొదట చెప్పిన మూడు మొత్తాలూ రోజు కూలి కట్టే పద్ధతిని బట్టి వచ్చాయి.

- పే స్లిప్‌లో బేసిక్ సగమే చూపి (7,800), దాన్ని 30తో భాగిస్తే రోజుకు 260. 60 రోజులకు 15,600.
- మొత్తం జీతాన్ని 30తో భాగిస్తే రోజుకు 520. 60 రోజులకు 31,200.
- మొత్తం జీతాన్ని నిజంగా పనిచేసిన 26 రోజులతో భాగిస్తే రోజుకు 600. 60 రోజులకు 36,000.

షాపుల చట్టం చెప్పేది మూడో పద్ధతికి దగ్గరగా ఉంటుంది. లీవు రోజుల జీతం కట్టేటప్పుడు అంతకుముందు మూడు నెలల్లో నిజంగా పనిచేసిన రోజులకు వచ్చిన వేతనం సగటు తీయాలి, ఓవర్‌టైం డబ్బు మాత్రం కలపకూడదు. మూడు నెలల జీతం 46,800, పనిచేసినవి 78 రోజులైతే సగటు 600. సెటిల్‌మెంట్ కాగితంలో 260 కనిపిస్తే, దేన్ని దేనితో భాగించారని అడగాల్సిందే. 60 రోజుల మీద తేడా 20,400 రూపాయలు.

అడగని లీవు, కాదన్న లీవు

ఈ చట్టంలో జనం పెద్దగా పట్టించుకోని మెలిక ఒకటుంది. లీవు ఇవ్వకముందే యజమాని ఉద్యోగంలోంచి తీసేస్తే, ఉన్న ఈఎల్‌కు డబ్బు కట్టాలి. ఉద్యోగి తనంతట తాను మానేస్తే మాత్రం, లీవు అడిగి ఉండాలి, యజమాని కాదని ఉండాలి. అప్పుడే ఆ డబ్బు చట్టబద్ధంగా రావాలి.

ఒకే షాపులో పనిచేసే ఇద్దరిని ఊహించుకోండి. ఇద్దరికీ సంక్రాంతికి లీవు దొరకలేదు. ఒకరు మేనేజర్‌ను కౌంటర్ దగ్గర నోటిమాటగా అడిగి, ‘ఇప్పుడు కుదరదు’ అంటే సరేనని ఊరుకున్నారు. ఇంకొకరు ‘అన్నా, జనవరి 12 నుంచి 16 దాకా ఐదు రోజులు ఈఎల్ కావాలి’ అని వాట్సాప్‌లో పెట్టారు. ‘సీజన్ కదా, కుదరదు’ అని జవాబొచ్చింది. మార్చిలో ఇద్దరూ మానేశారు. రెండో మనిషి ఫోన్‌లో ఉన్న ఆ రెండు వరుసల విలువ 3,000 రూపాయలు. మొదటి మనిషి తాను అడిగాననడానికి సాక్షిని వెతుక్కోవాలి.

మంజూరైన లీవును చివరి నిమిషంలో రద్దు చేసినా ఇదే సూత్రం. పోయిన టికెట్ డబ్బుకు షాపుల చట్టంలో ప్రత్యేక సెక్షన్ ఏదీ లేదు, అది యజమానితో మాట్లాడుకుని రాబట్టుకోవాల్సిందే. లీవు రోజులు మాత్రం ఖాతాలోనే ఉండాలి. రద్దు చేసిన ఐదు రోజులను ‘వాడుకున్నారు’ అని రిజిస్టర్‌లో రాస్తే అది తప్పుడు లెక్క. రద్దు చేసిన మెసేజ్ దాచుకున్నవారికి దాన్ని సరిచేయించుకోవడం తేలిక.

2025 నవంబరు 21 తర్వాత

దేశంలో నాలుగు కార్మిక కోడ్‌లు ఆ తేదీ నుంచి అమల్లోకి వచ్చాయి. వాటిలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ లీవు సంగతి చెబుతుంది. ఇది పదిమంది, అంతకు మించి పనిచేసే చోట్లకు వర్తిస్తుంది. రాష్ట్ర షాపుల చట్టాన్ని కోడ్‌లు రద్దు చేయలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మాత్రం ఇందులో కలిసిపోయింది.

కోడ్‌లోని అంకెలు ఇవి:

- అర్హతకు క్యాలెండర్ ఏడాదిలో 180 రోజుల పని చాలు. ఫ్యాక్టరీల చట్టంలో 240 ఉండేది.
- ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు లీవు. 280 రోజులు పనిచేస్తే 14 రోజులు.
- మరుసటి ఏడాదికి 30 రోజుల దాకా మోసుకుపోవచ్చు. అంతకు మించిన రోజులను డబ్బుగా మార్చుకోవచ్చు.
- అడిగినా ఇవ్వని లీవుకు ఈ 30 పరిమితి లేదు. ఎన్ని రోజులైనా ఖాతాలో ఉంటాయి.
- కార్మికుడు కోరితే ఏడాది చివర లీవును డబ్బుగా ఇవ్వాలి.
- తీసేసినా, తానే మానేసినా, మిగిలిన లీవుకు రెండో పనిదినం ముగిసేలోపు డబ్బు కట్టాలి. రిటైరైనా, చనిపోయినా రెండు నెలల్లో ఇవ్వాలి.

సీజన్‌కు చేరేవాళ్లకు ఉపయోగపడే అంకె ఇంకొకటి ఉంది. జనవరి 1న కాకుండా మధ్యలో చేరితే, ఏడాదిలో మిగిలిన రోజుల్లో నాలుగో వంతు పనిచేసినా చాలు. ఆగస్టు 1న చేరితే డిసెంబరు 31 దాకా 153 రోజులు. అందులో నాలుగో వంతంటే 39 రోజులు. శ్రావణానికి చేరి దీపావళి దాటాక కూడా కొనసాగి 120 రోజులు పనిచేసిన అమ్మాయికి 6 రోజుల లీవు వస్తుంది. 600 చొప్పున 3,600 రూపాయలు. ‘టెంపరరీ వాళ్లకు లీవులుండవు’ అన్న మాట ఈ లెక్క ముందు నిలవదు.

వేతనం నిర్వచనమూ మారింది. బేసిక్‌ను తగ్గించి మిగతాదంతా అలవెన్సులుగా చూపినా, ఆ అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలోనే కలపాలి.

కోడ్‌కు గోడలూ ఉన్నాయి. మేనేజర్ స్థాయి వాళ్లు, నెలకు 18,000 రూపాయలు దాటిన సూపర్‌వైజర్లు ‘కార్మికుడు’ అన్న నిర్వచనంలోకి రారు. కోచింగ్ సెంటర్లకు పేరుమోసిన దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంకో ప్రశ్న వస్తుంది. బోధించేవారు పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికులు కారని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. కాబట్టి లెక్చరర్లు తమ నియామక పత్రంలో లీవు షరతును సంతకానికి ముందే చదువుకోవాలి. ఐటీ వాళ్ల సంగతి వేరు. ఐటీ కంపెనీలకు షాపుల చట్టంలోని పనివేళల్లాంటి కొన్ని సెక్షన్ల నుంచి ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది గానీ, లీవుల సెక్షన్ ఆ జాబితాలో లేదు.

సర్కారీ ఖాతా: 300 రోజులు

ఎల్బీనగర్ దాటి వనస్థలిపురం ఎన్జీవోస్ కాలనీ వైపు వెళ్తే లెక్క స్థాయే మారిపోతుంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి ఏటా 30 ఈఎల్‌లు. జనవరి 1న 15, జులై 1న 15 ఖాతాలో పడతాయి. గరిష్ఠంగా 300 రోజులు దాచుకోవచ్చు, ఒకప్పుడు ఇది 240. 300 రోజులంటే పది నెలల జీతం. బేసిక్, డీఏ కలిపి 90,000 రూపాయలు అనుకుంటే రిటైరైన రోజుకు 9 లక్షలు.

2021లో తెలంగాణ రిటైర్‌మెంట్ వయసును 61కి పెంచింది. మూడేళ్లు దాదాపు ఆగిన రిటైర్‌మెంట్లు 2024 మార్చి నుంచి మళ్లీ మొదలయ్యాయి. ఆ తర్వాత గ్రాట్యుటీ, లీవు డబ్బు అందలేదని రిటైరైన వాళ్లు హైకోర్టు దాకా వెళ్లారు. వాళ్లకు అండగా ఉన్న తీర్పు జార్ఖండ్‌కు చెందిన జితేంద్ర కుమార్ శ్రీవాస్తవ కేసు. పింఛను, గ్రాట్యుటీ, లీవు డబ్బు ఉద్యోగి ఆస్తి అనీ, చట్టం ఆధారం లేకుండా కేవలం ఆఫీసు ఉత్తర్వుతో ఆపడానికి వీల్లేదనీ సుప్రీంకోర్టు 2013లో చెప్పింది.

పన్ను సంగతి కూడా చూడాలి. ప్రైవేటు ఉద్యోగి మానేసినప్పుడో రిటైరైనప్పుడో వచ్చే లీవు డబ్బుపై పన్ను మినహాయింపు గరిష్ఠ పరిమితి 2002 నుంచి 3 లక్షలే ఉండేది. 2023లో దాన్ని 25 లక్షలకు పెంచారు. ఉద్యోగంలో ఉండగానే తీసుకుంటే ఆ మినహాయింపు లేదు.

బయటి దేశాల్లో

మన చట్టంలో అడిగే బాధ్యత ఉద్యోగిది. యూరప్‌లో అది తిరగబడింది. ఉద్యోగి అడగలేదన్న ఒక్క కారణంతో లీవు దానంతటదే పోదనీ, వాడుకునే వీలు తాను కల్పించానని యజమానే చూపించాలనీ 2018 నవంబరులో యూరోపియన్ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. అమెరికాలో మనవాళ్లు లక్షల్లో ఉన్నా, అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం ప్రైవేటు ఉద్యోగికి జీతంతో వార్షిక సెలవు సున్నా రోజులు. ఏదిచ్చినా కంపెనీ ఇష్టం. అయితే కాలిఫోర్నియాలో ఒకసారి సంపాదించిన లీవు జీతంతో సమానం, వాడుకోలేదని దాన్ని రద్దు చేయడం కుదరదు.

ఏం చేయాలి

- లీవును తేదీలతో, రోజుల లెక్కతో రాసి అడగండి. వాట్సాప్, ఈమెయిల్, కాగితం ఏదైనా సరే.
- కాదంటే ఆ జవాబునూ రాతలోనే రప్పించండి. నోటిమాటగా చెబితే ‘మీరు చెప్పినట్టే ఈ లీవు రద్దు చేసుకుంటున్నా, రోజులు ఖాతాలో ఉంచండి’ అని మీరే మెసేజ్ పెట్టండి.
- ఏటా డిసెంబరులో ఈఎల్ నిల్వ ఎంతో అడిగి ఫోటో తీసుకోండి. 60కి దగ్గరపడితే వాడేయండి.
- మానేసేటప్పుడు సెటిల్‌మెంట్ కాగితంలో లీవు రోజులు, రోజు కూలి విడివిడిగా రాయించుకున్నాకే సంతకం పెట్టండి.
- ఇవ్వకపోతే మీ ప్రాంతం అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కు ఫిర్యాదు రాయండి. నియామక పత్రం, పే స్లిప్పులు, లీవు మెసేజీల కాపీలు జత చేయండి.

రాష్ట్ర కార్మిక కమిషనర్ ఆఫీసు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఉంది. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో గ్రీన్ లైన్‌కు మారితే అక్కడ దిగొచ్చు. ఆల్విన్ ఫ్యాక్టరీలో కూలీగా మొదలై ముఖ్యమంత్రి దాకా ఎదిగిన మనిషి పేరు ఆ భవనానికి పెట్టారు.

సీజన్‌లో కౌంటర్ ఖాళీగా వదల్లేననే యజమాని ఇబ్బంది నిజమే. లీవు ఎప్పుడివ్వాలో చూసుకునే వెసులుబాటు ఆయనకు ఉంటుంది. ఇవ్వని రోజులను లెక్కలోంచి తుడిచేసే హక్కు మాత్రం లేదు. రేపటి దసరాకు లీవు దొరుకుతుందో లేదో మీ చేతిలో లేకపోవచ్చు. అడిగినట్టు తేదీతో ఒక మెసేజ్ ఉండటం మాత్రం మీ చేతిలోనే ఉంది.