చట్టం మారితే చాలదు... ఖర్చు భరించేదెవరు?

1991 ఆగస్టు. హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో పదేళ్లు దాటీదాటని ఒక బాలిక వెక్కివెక్కి ఏడుస్తోంది. పక్కనున్నది ఆమె తండ్రీ కాదు, తాతా కాదు. అరవై ఏళ్ల సౌదీ పౌరుడు. నికాహ్ పేరుతో ఆ పాపను తన వెంట తీసుకుపోతున్నాడు. విమాన పరిచారిక ఒకామె ఆ కన్నీళ్లు గమనించి ఆరా తీయబట్టి సరిపోయింది. లేకుంటే ఆ సంగతి లోకానికి తెలిసేదే కాదు.

ఢిల్లీలో అతణ్ణి అరెస్టు చేశారు. బాలికను ప్రభుత్వ వసతి గృహానికి పంపారు. ఆమె ఎవరి దగ్గర ఉండాలో తేల్చడానికి కోర్టు విచారణ నడిచింది. నిందితుడు మాత్రం బెయిలుపై బయటికి వచ్చి దేశం దాటిపోయాడు.

ఇలాంటి ఘోరం బయటపడినప్పుడల్లా అందరి నోటా ఒకటే మాట: చట్టాన్ని కఠినం చేయాలి. ఆ మాటలో తప్పు లేదు. కానీ కఠినమైన చట్టం అమలు కావాలంటే డబ్బు కావాలి. ఆ డబ్బు ఎవరు పెడుతున్నారు? ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు.

కాగితం మీద మార్పులు

మనుషుల క్రయవిక్రయాన్ని రాజ్యాంగంలోని 23వ అధికరణ నిషేధించింది. 1956లో వ్యభిచార వ్యాపారాన్ని అరికట్టే చట్టం వచ్చింది. 1986లో దాన్ని సవరించారు. భారత శిక్షాస్మృతిలోని 370వ సెక్షన్ చాలాకాలం మనిషిని బానిసగా కొనడం, అమ్మడం గురించే మాట్లాడింది. శిక్ష ఏడేళ్లకు మించదు. 2013లో ఆ సెక్షన్‌ను పూర్తిగా తిరగరాశారు. మనిషిని రవాణా చేసి దోపిడీకి గురిచేస్తే ఏడు నుంచి పదేళ్ల జైలు. బాధితులు మైనర్లయితే పదేళ్లకు తక్కువ కాకుండా యావజ్జీవం వరకూ శిక్ష. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇదే 143వ సెక్షన్ అయింది. భిక్షాటన చేయించడాన్ని కూడా అందులో దోపిడీగా చేర్చారు.

ఏడేళ్లను పదేళ్లు చేయడానికి సర్కారుకు సిరా ఖర్చే తప్ప వేరే ఖర్చు లేదు. బాధితుల పునరావాసానికి ప్రత్యేక నిధి పెడతామన్న బిల్లు సంగతి ఏమైంది? 2018 జులైలో లోక్‌సభ దాన్ని ఆమోదించింది. రాజ్యసభలో ఆమోదం పొందకుండానే 2019లో అది మురిగిపోయింది.

అసలు ఖర్చు అప్పుడే మొదలు

సోదాకు వెళ్లే అధికారి వెంట కనీసం ఇద్దరు మహిళా పోలీసులు ఉండాలని 1956 నాటి చట్టమే, తర్వాతి సవరణతో, చెబుతోంది. మంచి నిబంధన. అయితే స్టేషన్‌లో ఆ ఇద్దరూ ఉండాలి కదా! విడిపించిన పిల్లకు వయసు నిర్ధారణ పరీక్ష చేయించాలి. వైద్యం కావాలి. తలదాచుకునే చోటు కావాలి. హైదరాబాదు పిల్ల ముంబాయిలో దొరికితే తోడుగా మనిషిని పంపి ఇంటికి చేర్చాలి. మళ్లీ సాక్ష్యం కోసం అక్కడికి తీసుకెళ్లాలి. పోలీసు శాఖ రాష్ట్రాల పరిధిలోనిది కాబట్టి ఈ భారంలో ఎక్కువ పాలు రాష్ట్ర ఖజానా మీదే పడుతుంది. అయితే రక్షణ గృహాల విషయంలో అదే చట్టం వాడిన మాట గమనించండి. రాష్ట్ర ప్రభుత్వం తన విచక్షణ మేరకు వాటిని "స్థాపించవచ్చు" అన్నది. "స్థాపించాలి" అనలేదు.

వెట్టిచాకిరీ నుంచి బయటపడ్డవారికి 2016లో కేంద్రం సాయం పెంచింది. పురుషులకు లక్ష, మహిళలకు, పిల్లలకు రెండు లక్షలు, అక్రమ రవాణా వంటి దారుణమైన సందర్భాల్లో మూడు లక్షలు. వినడానికి బాగుంది. కానీ పూర్తి సొమ్ము చేతికి రావాలంటే నిందితుడికి శిక్ష పడాలి. అంతవరకూ దక్కేది తక్షణ సాయంగా ఇచ్చే కొద్ది మొత్తమే. కేసు ఏళ్ల తరబడి నడిస్తే ఆ తల్లి పొయ్యి ఎలా వెలగాలి?

సర్కారు పెట్టకపోతే పేదవాడే పెడతాడు

ఖజానా నుంచి రాని డబ్బు ఎక్కడో ఒకచోట నుంచి రాక తప్పదు. కోర్టు వాయిదాకు వెళ్లిన రోజు తండ్రి కూలి పోతుంది. రైలు చార్జీలకు అప్పు చేస్తారు. చివరికి అమ్మాయి సాక్ష్యం చెప్పడం మానేస్తుంది. కేసు వీగిపోతుంది. దళారీ మరో గల్లీలో మరో గడప తొక్కుతాడు. మిగిల్చామనుకున్న సొమ్ముకు సమాజం చెల్లించే అసలు మూల్యం ఇదే.

ఇది పాత కథ అనుకోవద్దు. ఆ విమానం ఘటన జరిగిన ఇరవై ఆరేళ్లకు, 2017 సెప్టెంబరులో, ఇలాంటి పెళ్లిళ్ల కేసులోనే ఒమన్, ఖతార్ పౌరులను, కొందరు ఖాజీలను హైదరాబాదు పోలీసులు అరెస్టు చేశారు. చట్టం అప్పటికే మారింది. పాతబస్తీలో పేదరికం మారలేదు, దళారీ మారలేదు.

మనం చేయగలిగింది

పెళ్లికూతురు మనస్ఫూర్తిగా ఒప్పుకోనిదే నికాహ్ లేదు. మహర్ ఆమె హక్కు, తండ్రికో దళారీకో ముట్టే ధర కాదు. ఈ రెండు మాటలు ప్రతి మొహల్లాలో గట్టిగా చెప్పుకోవాలి. వయసు రుజువు చూడకుండా నికాహ్ చదివే ఖాజీని నిలదీయాలి. అనుమానం కలిగితే పిల్లల కోసం 1098కి, మహిళల కోసం 181కి ఫోన్ చేయాలి.

మరో సంగతి చాలామందికి తెలియదు. నేరస్తుడు దొరక్కపోయినా, కేసు విచారణ జరగకపోయినా, బాధితులు పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. రెండు నెలల్లో విచారణ ముగించి పరిహారం తేల్చాలని చట్టమే చెబుతోంది.

ఈసారి ఓట్ల కోసం గడప తొక్కే నాయకుడు "కఠిన చట్టం తెస్తాం" అంటే సంతోషించండి. ఆ వెంటనే ఒక్క మాట అడగండి: "మరి బడ్జెట్‌లో దానికి ఎంత పెట్టారు?"